ఎర్ర స్విఫ్ట్ మీది అక్షరాలు తీసేశాక: ఇన్నాళ్ళ వాడకం తర్వాత

హెయిర్ డ్రయ్యరు, నైలాన్ గాలం తీగ ఉంటే చాలు, కారు వెనక ఉండే మోడల్ పేరు, బ్యాడ్జీలు పెయింటు మీద గీత పడకుండా ఊడి వస్తాయి. అయితే ఆ పెయింటు కంపెనీలో వేసినదై ఉండాలి. ఈ షరతు దగ్గరికి తర్వాత వస్తాను. తీసిన రోజున ఎవరి కారైనా బాగానే కనబడుతుంది. మా తిరుపతి ఎండలు కొన్ని దాటాక ఎలా ఉందో చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టి ఇది రాస్తున్నాను.

మాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఎర్ర స్విఫ్ట్ డీజిల్, ఏపీ 03 బండి. కొన్నప్పుడు దాని డిక్కీ నోటీసు బోర్డులా ఉండేది. మోడల్ పేరు, వేరియంటు అక్షరాలు, డీజిల్ బ్యాడ్జి, అమ్మిన షోరూం పేరు, పక్కనే పాత ఓనరు అంటించుకున్న శంఖు చక్ర నామాలు. షోరూం పేరులో సగం అక్షరాలు రాలిపోయి అది ఏ భాషో కూడా తెలిసేది కాదు. అన్నీ తీసేద్దామని కూర్చుంటే అమ్మ వచ్చి, "ఇంగ్లీషు అక్షరాలు ఎన్నైనా పీక్కో నాయనా, నామాల జోలికి మాత్రం పోవాకు" అంది. నామాలు ఉండిపోయాయి.

కంపెనీ గుర్తును కూడా ముట్టుకోలేదు. చాలా కార్లలో ఆ గుర్తు వెనక పిన్నులుంటాయి, అవి రేకులోని రంధ్రాల్లో కూర్చుంటాయి. గుర్తు తీసేస్తే రంధ్రాలు మిగులుతాయి, వాటిలోంచి వాన నీళ్ళు దిగుతాయి, తుప్పు మొదలవుతుంది. అక్షరాలకు మామూలుగా మెత్తటి ఫోమ్ డబుల్ సైడ్ టేపే ఉంటుంది. అనుమానంగా ఉంటే డిక్కీ తలుపు లోపలి ప్లాస్టిక్ కవరు తీసి చూడండి.

మొదట బండి కడగాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ గీతలు పడేది ఇక్కడే. అక్షరాల అంచుల్లో దుమ్ము, ఇసుక పేరుకుని ఉంటాయి. తీగ వాటిని పెయింటు మీద రుద్దుకుంటూ పోతుంది. కడిగి తుడిచాక డ్రయ్యరుతో ఒక్కో అక్షరానికి ఒకటి రెండు నిమిషాలు వేడి ఇవ్వాలి, డ్రయ్యరును ఒకే చోట నిలపకుండా కదుపుతూ ఉండాలి. చెయ్యి పెడితే వేడిగా తగలాలి, కానీ ఓర్చుకోగలగాలి. అంతకు మించి అక్కర్లేదు. షాపుల్లో వాడే హీట్ గన్ ఇంట్లో వద్దు. దాని మూతి దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీలు ఉంటుంది, కింద బంపరు ప్లాస్టిక్కే కాబట్టి వంకర పోతుంది.

టేపు మెత్తబడ్డాక గాలం తీగను అక్షరం పైనుంచి వెనక్కి దింపి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగాలి. తీగ పెయింటుకు సమాంతరంగా ఉండాలి. కోసేది టేపు మధ్యలోని నురగను మాత్రమే, పెయింటుకు అంటుకున్న పొర తర్వాత సంగతి. తీగను వేళ్ళకు చుట్టుకుంటే చర్మం తెగుతుంది, రెండు చిన్న పుల్లలకు కట్టుకుంటే సుఖం. డెంటల్ ఫ్లాస్‌తో కూడా అవుతుందంటారు. నా దగ్గర అది మాటిమాటికీ తెగిపోయింది. లావు అక్షరాలకు ఫ్లాస్ మీద డబ్బు దండగ.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర డ్రయ్యరు కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టిన బండికి టేపు దానంతట అదే మెత్తబడి ఉంటుంది. కానీ ఆ ఎండ సగం పనికే మంచిది. జిగురు తుడిచే పని నీడలో, రేకు చల్లబడ్డాకే చేయాలి. వేడి రేకు మీద ఏ రసాయనం పోసినా తుడిచేలోపే ఆరిపోయి మచ్చ కడుతుంది.

మిగిలిన టేపును బొటనవేలితో నెట్టితే ఉండలు ఉండలుగా వస్తుంది. విసుగు పుట్టించే పని ఇదే, గోళ్ళు నొప్పెడతాయి. చివరి పొరకు కార్ల కోసం అమ్మే తారు రిమూవర్ బాగా పనిచేసింది. నీలగిరి తైలం కూడా పనిచేసింది, కాకపోతే బండి రెండు రోజులు జలుబు చేసిన ఇంటి వాసన వేసింది. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానీయవద్దు. అవి లైట్ల ప్లాస్టిక్‌ను తెల్లగా చేస్తాయి, మళ్ళీ వేసిన పెయింటునైతే కరిగించేస్తాయి.

స్టిక్కర్లకూ వేడే మందు. అలిపిరి తనిఖీ దగ్గర నిలబడి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. పార్టీ గుర్తులు, నాయకుల ఫోటోలు, అన్యమత చిహ్నాలు ఉన్న బండ్లను అక్కడ ఆపి, అవి తీస్తేగానీ కొండకు పంపరు. వెనక బండ్ల హారన్లు, లోపల పిల్లల ఏడుపు, ఆ టెన్షన్‌లో జనం తాళం చెవితో గీకేస్తారు. స్టిక్కరు పోతుంది, దాని ఆకారంలో గీతలు ఉండిపోతాయి. ముందురోజు ఇంటి దగ్గరే వేడి చేసి, ఒక మూల లేపి, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే మొత్తం ఒకే ముక్కగా వచ్చేస్తుంది.

ఇక అక్షరాలు తీశాక వాటి ఆకారంలో మిగిలే నీడ సంగతి. అక్షరాల కింద ఎండ తగలని రంగు అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్నది వెలుస్తుంది. ఎరుపులో ఇది మరీ ఎక్కువ. అక్షరాలు పోయినా పేరు చదవచ్చు! చుట్టూ కట్టిన మురికి గీత షాంపూతో, క్లే బార్‌తో (పెయింటుకు పట్టిన మురికిని లాగే మట్టి ముద్ద లాంటిది) పోయింది. రంగు తేడా పాలిష్‌తో చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పాలిష్ చేసేది వెలిసిన పై పొరను సన్నగా తీయడమే. రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా తక్కువే. నీడ పోలేదని పదే పదే రుద్దితే క్లియరే పోతుంది. నేను ఒక హద్దు దగ్గర ఆపేశాను. ఇప్పుడు పొద్దున ఏటవాలు వెలుగులో, వెతికేవాడికి మాత్రమే కనబడుతుంది. కొత్త బండికి తీస్తే ఈ బాధే ఉండదు, తీసేవాళ్ళు మొదటి ఏడాదిలోనే తీయడం మేలు.

వాడకంలో లాభం కడిగేటప్పుడు తెలుస్తుంది, గుడ్డ ఎక్కడా తట్టుకోదు. నష్టం ఊహించని చోట వచ్చింది. డీజిల్ బ్యాడ్జి లేకపోవడంతో బంకుల్లో కుర్రాళ్ళు పెట్రోలు గన్ను తీయబోతారు. ఇంధనం మూత లోపల డీజిల్ అని పెద్ద స్టిక్కరు అంటించాను, అయినా ప్రతిసారీ దిగి నోటితో చెబుతాను. పాత కార్లు కొనేవాళ్ళ చూపు మరో రకం. అక్షరాలు లేని డిక్కీ చూడగానే వెనక గుద్దుడు తగిలి రంగు వేయించారేమో అని అడుగుతారు. అందుకే తీసిన అక్షరాలను పారేయకుండా కవర్లో పెట్టి దాచాను.

ఇక పెయింటు కంపెనీదే అయి ఉండాలన్న షరతు గురించి. కంపెనీలో పెయింటును సుమారు 140 డిగ్రీల్లో కాలుస్తారు. బయట పెయింటు బూత్‌లో వేసేది 60 డిగ్రీల దగ్గర ఆరుతుంది, చిన్న షాపుల్లో అయితే గాలికే. కింద ఇసుక కాగితం సరిగ్గా పట్టకుండా వేసి ఉంటే అక్షరంతో పాటు పొర పెచ్చులా లేస్తుంది. చిత్తూరులో మా బావ కారుకు అదే జరిగింది. వెనక సొట్ట పూడ్చిన పుట్టీ ఉందని అయస్కాంతం పెట్టి చూపించినా వినకుండా ఒక షాపులో ఇచ్చాడు. వాళ్ళు హీట్ గన్ను, బ్లేడు వాడారు. అరచేయంత రంగు లేచింది. మొత్తం డిక్కీకి మళ్ళీ పెయింటు వేయిస్తే ఇప్పుడు డోర్ల రంగుతో కలవడం లేదు.

డిక్కీ తలుపు రేకుదైతే, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం అన్నిచోట్లా ఒకేలా పట్టుకోవాలి, ఎక్కడైనా జారితే లోపల పుట్టీ ఉన్నట్టు. పుట్టీ లేకుండా రంగు మాత్రమే వేసి ఉంటే అయస్కాంతంతో ఆ సంగతి తెలియదు. అప్పుడు తలుపు తెరిచి రబ్బరు బీడింగ్ మీద, లోపలి అంచుల్లో రంగు తుంపర్లు, మాస్కింగ్ టేపు గీత ఉన్నాయేమో చూడాలి. వీటిలో ఏది కనబడినా ఆ బండి అక్షరాలను అలాగే ఉంచేయండి.