బీడు మీద పంతం: ‘ది ప్రామిస్డ్ ల్యాండ్’

సేద్యం మీద తీసిన సినిమాల్లో పొలం చాలాసార్లు వెనకాల బొమ్మలా ఉండిపోతుంది. డెన్మార్క్ దర్శకుడు నికోలాయ్ ఆర్సెల్ 2023లో తీసిన ఈ సినిమాలో అలా కాదు. మొదటి అరగంట నేలదే.

కథ 1755లో మొదలవుతుంది. సైన్యం నుంచి బయటికొచ్చిన కెప్టెన్ లుడ్విగ్ కాలెన్ (మాడ్స్ మికెల్సన్) డెన్మార్క్‌లోని యూట్లాండ్ ప్రాంతపు బీడును సాగులోకి తెస్తానంటూ రాజుగారి అధికారులకు అర్జీ పెట్టుకుంటాడు. బదులుగా బిరుదు కావాలంటాడు. వాళ్లు నవ్వుతారు. నవ్వరా మరి? అక్కడ పైనంతా ఇసుక, హెదర్ పొదలు. అడుగున వేళ్లు దిగని గట్టి పొర. కాలెన్ ఒంటరిగా తిరుగుతూ చోటుచోటునా మట్టి తవ్వి, వేళ్లతో నలిపి చూస్తాడు. మాటల్లేని ఆ సీన్లంటే నాకు ప్రాణం. మొలకలొచ్చేసరికి నాకే టెన్షన్ పట్టుకుంది.

అతను నమ్ముకున్న పంట బంగాళదుంప. చరిత్రలోనూ 1759 నుంచి జర్మన్ కుటుంబాలు వచ్చి ఆ బీళ్లలో దిగాయి, దుంప సాగు తెచ్చాయి. కాలెన్ కూడా నిజంగా ఉన్న మనిషే.

జమీందారు షింకెల్ అడుగుపెట్టాక మాత్రం నేల పక్కకు జరిగిపోయింది. సైమన్ బెన్నెబ్యర్గ్ బాగా చేశాడు, కానీ ఆ పాత్రలో క్రూరత్వం తప్ప ఇంకేమీ రాయలేదు. ఇసుక, మంచు, ఆకలి చాలవా శత్రువులుగా? నాకు చాలు.

ఆ లోటును ఆన్ బార్బరా పూడ్చింది. షింకెల్ ఎస్టేట్ నుంచి పారిపోయి వచ్చిన కౌలు మనిషి ఆమె. అమాండా కొలిన్ ఆ పాత్రలో జాలి కోరదు, పని చేస్తుంది, లెక్క అడుగుతుంది. ఇక అన్మాయి అనే నల్లని చిన్నపిల్లను సాగుకు కొత్తగా వచ్చిన జర్మన్లు అపశకునమన్నప్పుడు కాలెన్ తీసుకునే నిర్ణయం చూసి అతని మీద నాకు చాలా కోపమొచ్చింది. బిరుదు కోసం ఒక మనిషి ఎంత దూరం వెళ్తాడో అక్కడ తెలుస్తుంది. మికెల్సన్ ముఖంలో ఆ పంతమూ, ఆ సిగ్గూ రెండూ కనిపిస్తాయి.

రాస్మస్ విడెబెక్ కెమెరా కోసమైనా పెద్ద తెర మీద చూడండి. వేడినీళ్లతో హింసించే సీను ఒకటుంది, దాన్ని చూడటం కష్టం. పిల్లల్ని దూరంగా ఉంచండి.