ఫంక్షన్ హాలు నుంచి లైవ్: ఓబీఎస్ స్టూడియో ఎంతవరకు నిలబడుతుంది?

పెళ్లి లైవ్‌లో బొమ్మ కాస్త మసకగా ఉందని ఎవరూ ఫోన్ చేయరు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో బొమ్మ ఆగిపోయి తెర మీద సున్నా తిరుగుతుంటే మాత్రం డాలస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి వరుసగా ఫోన్లు వస్తాయి. కంప్యూటర్ నుంచి లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోను ఇక్కడ ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం. హాల్లో దొరికే నెట్‌తో, ముహూర్తం వేళకి బొమ్మ ఆగకుండా యూట్యూబ్‌కి చేర్చగలదా లేదా అన్నదే ప్రశ్న.

ఓబీఎస్ ఉచితం, ఓపెన్ సోర్స్. 2012 నుంచి ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. వాటర్‌మార్క్ లేదు, ఇన్ని గంటలే అన్న పరిమితి లేదు. సీన్లు, ట్రాన్సిషన్లు, ఆడియో మిక్సర్ అన్నీ పెళ్లి పనికి సరిపడా ఉన్నాయి, వాటితో పేచీ లేదు. పేచీ అంతా నెట్ దగ్గరే. అక్కడ ఓబీఎస్‌లో మంచి పనిముట్లే ఉన్నాయి కానీ, వాటిలో సగం మనం వెతికి ఆన్ చేస్తే తప్ప పనిచేయవు.

ముందు లెక్క చూద్దాం. బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) వీడియోకి 4000 కేబీపీఎస్, అంటే సెకనుకు 4000 కిలోబిట్లు, ఆడియోకి 128 కేబీపీఎస్ పెడితే గంటకు దాదాపు 1.86 జీబీ పోతుంది. ఐదు గంటల పెళ్లికి 9.3 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్రీపెయిడ్ ప్యాక్ మీద మొదలుపెడితే గంట దాటగానే కోటా అయిపోయి స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ చేయగలిగింది లేదు. ముహూర్తానికి ముందే లైవ్ చచ్చిపోయిన చాలా సందర్భాల్లో అసలు కారణం ఇంత చిన్నది. 720పీ, 2500 కేబీపీఎస్‌కి దిగితే గంటకు 1.2 జీబీ లోపే. ఫోన్లో చూసేవాళ్లకు ఈ రెండింటికీ తేడా పెద్దగా కనపడదు.

స్పీడ్ టెస్ట్‌లో 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వచ్చిందని 8 పెట్టేయకండి. ఆ టెస్టు కొన్ని సెకన్లపాటు, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, దగ్గర్లోని సర్వర్‌తో కొలుస్తుంది. లైవ్‌కి కావలసింది ఒకే కనెక్షన్‌లో గంటల తరబడి నిలకడ. పైగా పొద్దున ఖాళీ హాల్లో తీసిన కొలత, రాత్రి అయిదు వందల ఫోన్లు అదే టవర్ని పంచుకునే వేళకి చెల్లదు. ముహూర్తానికి అందరూ ఒకేసారి వీడియో తీసి స్టేటస్ పెట్టడం మొదలుపెడతారు, సరిగ్గా మనకు అప్‌లోడ్ కావలసిన నిమిషంలోనే. అందుకని అదే హాల్లో, అదే వేళలో అన్‌లిస్టెడ్ లైవ్ (లింకు ఉన్నవాళ్లకే కనపడేది) ఒకటి ఇరవై నిమిషాలు నడపండి. అందులో కనిపించిన అతి తక్కువ అప్‌లోడ్‌లో సగం, మహా అయితే అరవై శాతం, మీ బిట్‌రేట్.

ఓబీఎస్‌లో యూట్యూబ్‌ని ఎంచుకుంటే మామూలుగా వెళ్లే దారి ఆర్‌టీఎంపీ అనే ప్రసార పద్ధతి. ఇది టీసీపీ మీద నడుస్తుంది. టీసీపీలో ఒక ప్యాకెట్ (డేటా ముక్క) పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగాల్సిందే. ఈలోగా కెమెరా ఆగదు, వీడియోని కుదించే ఎన్‌కోడర్ ఆగదు, బఫర్ నిండుతూ పోతుంది. వరుసలో సుమారు 0.7 సెకను వీడియో పేరుకుంటే ఓబీఎస్ ముందు బీ ఫ్రేమ్‌లను (పోయినా పెద్ద నష్టం లేనివి) వదిలేస్తుంది, 0.9 సెకను దాటితే, ముందు ఫ్రేమ్‌తో వచ్చిన తేడాని మోసే పీ ఫ్రేమ్‌లను కూడా. పీ ఫ్రేమ్ పోయిందంటే దాని మీద ఆధారపడ్డ తర్వాతి ఫ్రేమ్‌లన్నీ పనికిరావు కాబట్టి, తర్వాతి కీఫ్రేమ్ (దేని మీదా ఆధారపడని పూర్తి బొమ్మ) వచ్చేదాకా ఏదీ వెళ్లదు. కీఫ్రేమ్ ఇంటర్వెల్ 2 సెకన్లు పెట్టమనేది ఇందుకే. ఆ గండం గరిష్ఠంగా రెండు సెకన్లలో గట్టెక్కుతుంది. యూట్యూబ్ కూడా 2 సెకన్లే అడుగుతుంది, 4 దాటొద్దంటుంది. యూట్యూబ్‌ని నేరుగా ఎంచుకున్నప్పుడు ఓబీఎస్ దీన్ని తనే సరిచేస్తుంది. కస్టమ్ సర్వర్ పెట్టినప్పుడు మాత్రం సున్నాగా వదిలేస్తే ఎక్స్264 ఎన్‌కోడర్ 250 ఫ్రేమ్‌లకు ఒక కీఫ్రేమ్ ఇస్తుంది. 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేమ్‌లు) దగ్గర అది పది సెకన్లు! చేత్తో 2 అని రాయండి.

మిగతా సెట్టింగ్‌లు త్వరగా. అవుట్‌పుట్ మోడ్ అడ్వాన్స్‌డ్. రేట్ కంట్రోల్ సీబీఆర్, అంటే బిట్‌రేట్ స్థిరంగా. ఎన్‌కోడర్‌గా, ఎన్‌విడియా కార్డు ఉంటే ఎన్‌వెంక్, ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే క్విక్‌సింక్, ఏదీ లేకపోతే ఎక్స్264 వెరీఫాస్ట్. వీడియో విభాగంలో ఎఫ్‌పీఎస్ 25, కెమెరా కూడా 25లో, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఎఫ్‌పీఎస్, 1/60 పెడితే మండపం మీది సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీలు అలలుగా మినుకుమినుకుమంటాయి.

ఇక ఓబీఎస్‌లో అన్నిటికంటే విలువైన టిక్కు అడ్వాన్స్‌డ్‌లో, నెట్‌వర్క్ కింద దాగి ఉంది. రద్దీని బట్టి బిట్‌రేట్‌ని దానంతట అదే మార్చే డైనమిక్ బిట్‌రేట్ అది. డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేస్తే, నెట్ బిగుసుకున్నప్పుడు ఫ్రేమ్‌లు పారేయకుండా బిట్‌రేట్ తగ్గించి, దారి తేరుకున్నాక మెల్లగా పెంచుతుంది. బొమ్మ కాసేపు మసకబారుతుంది కానీ ఆగదు. పెళ్లి లైవ్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఒక్క జాగ్రత్త ఉంది. రికార్డింగ్‌కి కూడా స్ట్రీమ్ ఎన్‌కోడరే వాడమని వదిలేస్తే, నెట్ తగ్గినప్పుడల్లా మీ డిస్క్‌లోని రికార్డింగ్ కూడా మసకబారుతుంది. రికార్డింగ్‌కి వేరే ఎన్‌కోడర్ ఇవ్వండి. ఎన్‌వెంక్‌లో సీక్యూపీ (బిట్‌రేట్‌కి బదులు నాణ్యతని స్థిరంగా ఉంచే పద్ధతి) 20 చాలు. ఫైల్ ఎంకేవీ. కరెంటు పోయి కంప్యూటర్ ఆగినా అప్పటిదాకా రాసింది తెరుచుకుంటుంది. మామూలు ఎంపీ4 అయితే మొత్తం పోవచ్చు. పని అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ చేస్తే నిమిషాల్లో ఎంపీ4 వస్తుంది, క్వాలిటీ ఏమీ తగ్గదు.

ఓబీఎస్‌కి మేం నిండుగా మార్కులు వేసేది స్టాట్స్ కిటికీకి. ఇందులో మూడు అంకెలు, మూడు వేర్వేరు రోగాలు. నెట్‌వర్క్ కారణంగా వదిలేసిన ఫ్రేమ్‌లు పెరుగుతుంటే నెట్ సమస్య. ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల దాటేసినవి పెరుగుతుంటే ప్రాసెసర్ అలసిపోయింది. ఛార్జర్ ఊడి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి దిగిందేమో చూడండి, విండోస్ వెంటనే వేగం తగ్గించేస్తుంది. రెండరింగ్ ఆలస్యమైతే గ్రాఫిక్స్ మీద బరువు పడింది. విండోస్‌లో ఓబీఎస్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే గ్రాఫిక్స్ కార్డులో దానికి ముందు వరస దొరుకుతుంది. ఈ మూడింటి తేడా తెలియక, ప్రాసెసర్ వేడెక్కి బొమ్మ తడబడుతుంటే సిమ్ మార్చేవాళ్లు ఎందరో.

అసలు మెట్టు పైకెక్కాలంటే ఎస్‌ఆర్‌టీ. హైవిజన్ సంస్థ తయారుచేసి 2017లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన పద్ధతి ఇది. పోయిన ప్యాకెట్ కోసం తనంతట తాను ఆగని యూడీపీ మీద నడుస్తుంది. పోయిన ప్యాకెట్‌ని మాత్రమే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, మిగతావి ఆగవు. మనం ఇచ్చిన గడువులోగా రాకపోతే దాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. బొమ్మలో ఒక గీత, ఒక చెదురు కనిపిస్తుందే తప్ప కనెక్షన్ తెగదు. ఊగిసలాడే 4జీ మీద ఆర్‌టీఎంపీకీ దీనికీ తేడా కళ్లకు కడుతుంది.

అయితే నేరుగా యూట్యూబ్‌కి పంపడానికి కాదు, మధ్యలో మన సర్వర్ ఒకటి ఉండాలి. ముంబై లేదా హైదరాబాద్ డేటా సెంటర్లో చిన్న క్లౌడ్ మెషిన్ తీసుకుని, అందులో మీడియాఎమ్‌టీఎక్స్ అనే ఉచిత సర్వర్ నడపండి. ఓబీఎస్ నుంచి దానికి ఎస్‌ఆర్‌టీ, అక్కడి నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో పనిముట్టుతో కాపీ పద్ధతిలో యూట్యూబ్‌కి ఆర్‌టీఎంపీ. మళ్లీ ఎన్‌కోడ్ చేయడం లేదు కనుక చిన్న మెషిన్ చాలు. మీడియాఎమ్‌టీఎక్స్ డిఫాల్ట్‌గా ఎస్‌ఆర్‌టీని వినే పోర్ట్ 8890. క్లౌడ్ ఫైర్‌వాల్‌లో దాన్ని యూడీపీగా తెరవాలి, టీసీపీగా తెరిచి గంటలు వెతకొద్దు. హాల్ వైపు ఎప్పుడూ కాలర్ (కనెక్షన్ మొదలుపెట్టేది), సర్వర్ వైపు లిజనర్ (దానికోసం ఎదురుచూసేది). మొబైల్ నెట్‌లో మనకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి తిరగేసి పెడితే కలవదు. పాస్‌ఫ్రేజ్‌కి కనీసం 10 అక్షరాలు ఉండాలి.

చాలామంది పడే గొయ్యి లేటెన్సీ, అంటే పోయిన ప్యాకెట్ కోసం ఆగే గడువు. ఓబీఎస్‌లో ఈ అంకెని మైక్రోసెకన్లలో రాయాలి. రెండు సెకన్లకు 2000000. మిల్లీసెకన్లనుకుని 2000 రాస్తే అది రెండు మిల్లీసెకన్లు. రెండు వైపుల్లో ఏది ఎక్కువైతే అదే ఖాయమవుతుంది కాబట్టి అవతలి డిఫాల్ట్ 120 మిల్లీసెకన్లతో లైవ్ నడిచిపోతుంది, ఎర్రర్ ఏమీ రాదు. కాసేపటికి బొమ్మ చెదరడం మొదలై, ఎస్‌ఆర్‌టీయే బాగాలేదన్న పేరు వస్తుంది. కనీసం పింగ్ సమయానికి (సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) నాలుగు రెట్లు ఇవ్వాలన్నది వాడుకలో ఉన్న లెక్క. మా మాట వింటే మొబైల్ నెట్ మీద పింగ్ ఎంతున్నా రెండు సెకన్లు ఇచ్చేయండి. యూట్యూబ్ ఎలాగూ చాలా సెకన్లు వెనక ఉంటుంది, ఇంకో రెండు సెకన్లు ఎవరికీ తెలియవు. పోయిన ప్యాకెట్లు మళ్లీ పంపడానికి బిట్‌రేట్ మీద పాతిక శాతం చోటు కూడా వదలండి.

లోటు కూడా ఇక్కడే ఉంది. డైనమిక్ బిట్‌రేట్ ఆర్‌టీఎంపీకే పనిచేస్తుంది, ఎస్‌ఆర్‌టీలో పనిచేయదు. అందుకే ఎస్‌ఆర్‌టీలో బిట్‌రేట్ ఇంకాస్త తగ్గించే మొదలుపెట్టాలి. మరో పెద్ద లోటు, రెండు సిమ్‌లని కలిపి ఒకే దారిగా వాడటం ఓబీఎస్‌కి రాదు. అది కావాలంటే బాండింగ్ చేసే వేరే యాప్ గానీ, రూటర్ గానీ కొనాల్సిందే. హాల్లో ఫైబర్ ఉంటే లాన్ కేబుల్‌తో దాన్నే వాడి, వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో సిద్ధంగా పెట్టుకోండి. హాల్ వైఫై వద్దు. ఫైబర్ పెట్టెకి, రూటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి పది సెకన్లే పట్టినా, ఆ పెట్టె మళ్లీ లేచి లైన్ కలపడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తాళి కట్టడానికి అంత సమయం పట్టదు.

కెమెరా బొమ్మని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డు గురించి ఒక మాట. 4కే అని రాసి అమ్మే చవక యూఎస్‌బీ 2.0 కార్డుల్లో చాలావరకు ఎంఎస్2109 చిప్ ఉంటుంది. అవి ఇచ్చేది కుదించిన ఎమ్‌జేపెగ్‌లో 1080పీ 30 మాత్రమే. ఓబీఎస్‌లో వీడియో ఫార్మాట్ కుదించని వైయూవై2లో పడితే 1080పీలో అయిదు ఫ్రేమ్‌లే వస్తాయి. బొమ్మ కుంటుతుందని నెట్‌ని తిట్టకముందు అది చూడండి. ఆ కార్డు ఆడియో కూడా 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి బదులు 96 కిలోహెర్ట్జ్ మోనోగా కనపడుతుంది. సౌండ్ మిక్సర్ లైన్‌ని వేరే యూఎస్‌బీ ఆడియో కార్డులో తీసుకోవడమే మేలు. అప్పుడు మంత్రాలు పెదాలకంటే ముందు వినిపిస్తే అడ్వాన్స్‌డ్ ఆడియోలో సింక్ ఆఫ్‌సెట్‌ని మిల్లీసెకన్లలో పెంచి కలపండి.

తెలుగు పేర్ల విషయంలో విండోస్‌వాళ్లు అదృష్టవంతులు. అక్కడ ఓబీఎస్‌లో అక్షరాలు చూపే జీడీఐ ప్లస్ టెక్స్ట్‌లో వత్తులు, గుణింతాలు సరిగ్గానే పడతాయి. మ్యాక్, లినక్స్‌లలో ఉండే ఫ్రీటైప్ టెక్స్ట్‌లో మాత్రం ‘జ్ఞానేశ్వర్’ అన్న పేరు ముక్కలైపోతుంది. ఇన్నేళ్లయినా ఇది సరికాకపోవడం బాధగానే ఉంది. పేర్లని పీఎన్‌జీ బొమ్మగా చేసి పెట్టండి.

యూట్యూబ్ వైపు మూడు పనులున్నాయి. కొత్త ఛానెల్‌లో లైవ్ అనుమతికి 24 గంటల దాకా పట్టొచ్చు, పెళ్లి రోజు మొదలుపెట్టొద్దు. లేటెన్సీ నార్మల్ ఎంచుకోండి, చూసేవాళ్ల దగ్గర బఫర్ ఎక్కువ నిలుస్తుంది. ఆటో స్టాప్ తప్పకుండా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కాసేపు సిగ్నల్ అందకపోయినా యూట్యూబ్ లైవ్‌ని ముగించేస్తుంది. వాట్సాప్‌లో వందమందికి పంపిన లింకు సగం పెళ్లి దగ్గరే పాత వీడియోగా మిగిలిపోతుంది. బ్యాండు మేళం, డీజే వాయించే సినిమా పాటల్ని యూట్యూబ్ లైవ్‌లోనే పట్టేస్తుంది, ప్రసారం ఆపేయొచ్చు కూడా. ఆ ఘట్టాల్లో మిక్సర్ లైన్ తగ్గించి కెమెరా మైక్ మీదికి మారితే ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

అప్పగింతలు అయ్యాక ముందు ఓబీఎస్‌లో స్ట్రీమ్ ఆపండి. చూసేవాళ్ల తెర మీద చివరి బొమ్మ చేరేదాకా ఒక నిమిషం ఆగి, అప్పుడు యూట్యూబ్ స్టూడియోలో ముగించండి. మొత్తం 12 గంటల లోపే ఉంటే వీడియో దానంతట అదే ఛానెల్‌లో నిలుస్తుంది. ముహూర్తం వేళ నిద్రలో ఉన్న చుట్టాలు తెల్లారాక చూసేది దాన్నే.