అరకులో ఏది అసలు, ఏది కొసరు

అరకు వెళ్లొచ్చినవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "అంతా కమర్షియల్ అయిపోయింది, అసలైన గిరిజన జీవితం ఎక్కడా కనపడలేదు." ఈ మాటతో నాకు పేచీ ఉంది. గడ్డి కప్పు, మట్టి గోడ, మెడలో పూసలు కనిపిస్తే అసలు అనుకుంటాం. రేకుల ఇల్లు, డిష్ యాంటెనా కనిపిస్తే డీలా పడతాం. మన కళ్ల కోసం వాళ్లు పాతకాలంలోనే ఉండిపోవాలా? ఈసారి కుటుంబంతో వెళ్లినప్పుడు నేను చూసినవి వేరు: ఇక్కడి టూరిజాన్ని ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎవరికి చేరుతోంది, టూరిస్టులు రాకపోయినా వాళ్లు ఈ పని చేసుకునేవాళ్లేనా?

ప్రయాణానికి విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలే మేలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి వేసిన లైను ఇది. అద్దాల బోగీలో లోయలు బాగా కనిపిస్తాయి, టికెట్ ధర కూడా ఎక్కువే ఉంటుంది. మామూలు బోగీలో అయితే సంతకి పోయేవాళ్లు, కొండ ఊళ్ల విద్యార్థులు పక్కన కూర్చుంటారు. నేనైతే అదే ఎక్కమంటాను.

బొర్రా గుహలు ఎంత రద్దీగా ఉన్నా చూడాల్సిందే. సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసిన ఆ గదుల్లో రంగు లైట్లు కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. ఈ అనంతగిరి ప్రాంతంలో గనుల లీజుల మీద సమతా అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. గిరిజనుల భూమి బయటివాళ్ల చేతిలోకి పోకుండా 1/70 చట్టం అంతకుముందే ఉంది. గైడ్లు శివలింగం ఆకారాలు ఓపిగ్గా చూపిస్తారు, ఈ సంగతి కూడా ఒక్క ముక్క చెబితే ఎంత బాగుండును!

మొదట దిగింది ఒక రిసార్టులో. గది శుభ్రం, వేడినీళ్లు వేళకి వచ్చాయి, పిల్లలకి ఆడుకునే చోటుంది. సౌకర్యానికి వంక పెట్టను. కానీ సిమెంటు గోడకి మట్టిరంగు వేసి, మీద ముగ్గుల్లాంటి బొమ్మలు గీసి, "గిరిజన గుడిసె" అని అద్దెకివ్వడం నాకు నచ్చలేదు. రాత్రి చలిమంట దగ్గర ఇక్కడి గిరిజనుల నాట్యం థింసా పెట్టారు. ఆడవాళ్లు వరసగా నిలబడి, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, డప్పు, తుడుం, మోరి మోతకి ఒక్క అడుగులా కదులుతుంటే ఒళ్లు పులకరించింది. రెండో పాటకే ఎవరో సినిమా పాట పెట్టమన్నారు, పెట్టేశారు. బృందంలో పెద్దావిడతో తర్వాత మాట్లాడాను.

"ఇక్కడ పది నిముషాలే ఆడమంటారమ్మా. ఊళ్లో పెళ్లికో, మా ఇటుకల పండక్కో అయితే తెల్లారేదాకా ఆడతాం. ఇది మాకు కూలి, అది మాకు పండగ."

ఆమె మాటలో ఫిర్యాదు లేదు. డబ్బు తీసుకుని ఆడినంత మాత్రాన ఆ ఆట నకిలీ కాదని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది. అడుగు వాళ్లదే, పాట వాళ్లదే. దాన్ని పది నిముషాలకి కత్తిరించి, మధ్యలో ఆపించింది చూసేవాళ్లం. మాడగడ వ్యూపాయింట్ దగ్గర చీర, నగలు అద్దెకిచ్చి ఫొటోలు తీయిస్తారు. అక్కడ ఊరి ఆడవాళ్లే మనతో అడుగు కలుపుతారు, డబ్బు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వొచ్చు. మా అమ్మాయి వేసుకుంటానంటే సరే అన్నాను. వాళ్లని అడగకుండా కెమెరా ఎత్తేవాళ్లని చూస్తే మాత్రం కోపం వస్తుంది.

తర్వాత ఒక కాఫీ రైతు ఇంట్లో ఉన్నాం. స్లాబు ఇల్లు, గదిలో టీవీ, బాత్రూం బయట. కరెంటు పోయి వస్తుండేది. ఫోన్ సిగ్నల్ కోసం గట్టు ఎక్కాలి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇవి ముందే అడిగి తెలుసుకోండి. రాత్రి రాజ్మా కూర, అన్నం పెట్టారు. పొద్దున చోడి (రాగి) అంబలి తాగాం. బొంగు చికెన్ అడిగితే "అది రోడ్డు మీద దొరుకుతుందమ్మా, మేం రోజూ తినేది ఇదే" అని ఆ ఇంటి అత్త నవ్వింది.

తోట నడక ఈ ప్రయాణం మొత్తానికీ విలువైన భాగం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. చలికాలంలో పండు ఎర్రబడ్డాక ఒక్కొక్కటే ఏరతారు, పచ్చికాయని వదిలేసి మళ్లీ మళ్లీ అదే మొక్క దగ్గరికి వస్తారు. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టే దాకా ఇంటిల్లిపాదీ పనే. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండుకి ఏ ఏడు ఎంత ధర పలికిందో రైతు వరసగా చెబుతుంటే, కప్పు కాఫీకి మనమిచ్చే డబ్బులో ఇక్కడికి ఎంత చేరుతోందో అడగకుండా ఉండలేకపోయాను.

గిరిజన మ్యూజియం చూడండి, కానీ సంత తర్వాత చూడండి. సంతలో పసుపు, పిప్పళ్లు, చీపుర్లు అమ్మేవాళ్లని చూశాక మ్యూజియంలో బొమ్మల చేతుల్లో ఉన్న పనిముట్లు దేనికో తెలుస్తుంది. ముందే చూస్తే అవి బొమ్మలుగానే మిగిలిపోతాయి. సంతలో గీచి గీచి బేరం ఆడకండి. వలిసె పూల సీజన్లో వెళ్తే, ఆ పసుపుపచ్చ పూల చేలో ఫొటోకి రైతు అడిగే డబ్బు ఇచ్చేయండి. మన కాళ్ల కింద నలిగేది ఆయన నూనెగింజల పంట.