గుంటుపల్లి గుహలు: పొద్దున్నే వెళ్తేనే సుఖం

ఏలూరు జిల్లా కామవరపుకోట దగ్గర, జీలకర్రగూడెం పక్కనే కొండ. క్రీస్తుపూర్వం నాటి బౌద్ధ గుహలు. గుండ్రటి చైత్యగుహ (బౌద్ధుల ప్రార్థన మందిరం) ఒక్కటి చూసినా వెళ్లిన ఖర్చు గిట్టినట్టే. పైకప్పులో వాసాలు, దూలాలు పేర్చినట్టు కనిపిస్తుంది కానీ అంతా కొండరాయే, చెక్క ముక్క లేదు. లోపలి స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. మా అత్తయ్య చెప్పులు విప్పేసి ప్రదక్షిణ మొదలెట్టింది. బుద్ధుడికో శివుడికో, ఆవిడకి పట్టింపు లేదు! పైన ఇటుక చైత్యం, బోలెడు చిన్న స్తూపాలు.

మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులుంటే కష్టం. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి. ఆటో అతను రానూపోనూ అని ఒప్పుకుని, దిగాక వెయిటింగ్ అంటూ అదనంగా గుంజాడు. ముందే గట్టిగా మాట్లాడుకోండి. గుహలకి నాలుగు స్టార్లు, ఆటోకి ఒకటి.