పిల్లల మధ్య అల్లిక: ఏళ్లుగా వాడుతున్న విప్పి మార్చుకునే సూదుల సెట్టు

పొడవాటి జంట సూదులు నా దగ్గర ఇంకా ఉన్నాయి. ఎవరికీ ఇవ్వలేదు, పారెయ్యలేదు. కానీ పెద్దవాడు పాకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అవి అలమరా పై అరలోనే ఉంటున్నాయి. ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ చేత్తో అల్లి ఇచ్చే టోపీలు, మఫ్లర్లు, పసిపిల్లల దుప్పట్లు అన్నీ ఇప్పుడు ఒకే సెట్టు మీద నడుస్తున్నాయి. కొనలు విప్పి మార్చుకునే సర్క్యులర్ సూదుల సెట్టు అది. ఇద్దరు పిల్లలతో, ఉద్యోగంతో ఇన్నేళ్లు వాడాను కాబట్టి అందులో ఏది నిజంగా పనికొచ్చిందో, ఏది పెట్టెలో ఊరికే పడి ఉందో చెప్పగలను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెట్టులో సుమారు 13 సెంటీమీటర్ల కొనలు జతలు జతలుగా వస్తాయి. నా దాంట్లో 3.5 నుంచి 8 మిల్లీమీటర్ల మందం దాకా ఉన్నాయి. కొన మొదట్లో మర ఉంటుంది. వేర్వేరు పొడవుల్లో సన్నటి ప్లాస్టిక్ కేబుళ్లు ఉంటాయి. కావలసిన కొనల్ని కావలసిన కేబుల్ రెండు చివర్లకీ బిగించుకుని అల్లుకోవడమే. కేబుల్ చివర్లకి పెట్టే మూతలు, మరని గట్టిగా తిప్పడానికి వంచిన తీగలాంటి చిన్న పిన్ను కూడా ఇస్తారు. సర్క్యులర్ సూదులంటే గుండ్రంగా వచ్చేవాటికే అనుకుంటారు చాలామంది. వరస చివరికొచ్చాక వెనక్కి తిప్పి అల్లితే మఫ్లరూ దుప్పటీ కూడా వాటి మీదే మామూలుగా వస్తాయి.

పిల్లలున్నవాళ్లకి రోజు మొత్తం మీద ఓ అరగంట దొరక్కపోదు. అయితే అది ముక్కలుగా దొరుకుతుంది, ఆ ముక్క ఎక్కడ తెగుతుందో ముందు తెలియదు. వరస సగంలో ఉండగా బాత్రూంలోంచి "అమ్మా, అయిపోయిందీ" అని కేక వస్తుంది. జంట సూదులైతే ఆ వరస పూర్తిచేసి లేవాలి, మధ్యలో వదిలేస్తే తిరిగొచ్చేసరికి అయిదారు కుట్లు జారి ఉంటాయి. సర్క్యులర్ అయితే కుట్లన్నీ కేబుల్ మీదికి తోసేసి లేచిపోవచ్చు. ఎవరైనా ఒక కొన పట్టుకుని లాగినా బట్ట కేబుల్ మీద అటూ ఇటూ జరుగుతుంది తప్ప అంత సులువుగా ఊడిపోదు. పైగా దుప్పటిలాంటి పెద్దదాని బరువు మణికట్ల మీద కాకుండా ఒళ్లో పడుతుంది.

మధ్యలో లేచి వచ్చాక ఎటువైపు అల్లాలో తికమక పడేవాళ్లకి ఒక గుర్తు. ఉండలోంచి వచ్చే దారం ఏ సూది మీది కుట్టుకి వేలాడుతోందో ఆ సూది కుడిచేతిలో ఉండాలి. అంతే.

మూతల సంగతి కొనేముందు నాకు పెద్దగా తోచలేదు, ఇప్పుడు సెట్టులో నాకు ఎక్కువ నచ్చేవి అవే. సగం అల్లిన దుప్పటి కేబుల్ మీదే ఉండగా కొనలు విప్పేసి, రెండు చివర్లకీ మూతలు పెట్టి సంచీలో పడేస్తాను. అవే కొనలు ఇంకో కేబుల్‌కి బిగించి టోపీ మొదలుపెడతాను. స్నేహితురాలి కాన్పు అనుకున్నదాని కంటే ముందే అయిపోతే ఆ దుప్పటి పక్కకి, ఈ టోపీ ముందుకి. అదీగాక మూతలు పెట్టినదానికి మొన ఉండదు, పిల్లల చేతికి చిక్కినా గుచ్చుకునే భయం లేదు. విప్పిన కొనలు మాత్రం నేను తాళం వేసే సొరుగులోనే పెడతాను.

ఇక లోపం. కొనా కేబులూ కలిసే అతుకు దగ్గరే దీని బలహీనతంతా ఉంది. అల్లుతున్నప్పుడు చెయ్యి తెలియకుండానే కొనని కొంచెం కొంచెం తిప్పుతుంది, మర వదులవుతుంది. వెంట్రుకవాసి సందు తెరుచుకుంటే చాలు, దారంలో ఒక పోగు అందులో ఇరుక్కుంటుంది. అత్తయ్య కోసం అల్లుతున్న ముదురు నీలం మఫ్లర్‌లో సరిగ్గా అలాగే ఒక పోగు తెగింది, దగ్గర్నుంచి చూస్తే ఇప్పటికీ అక్కడ నూగు కనిపిస్తుంది. అల్లడానికి కూర్చున్న ప్రతిసారీ ముందు రెండు అతుకులూ వేలితో తడిమి చూసుకోవడం దీనికి నేను కట్టే పన్ను. బిగించే పిన్ను కనిపించకపోతే మామూలు పిన్నీసు మొన దూర్చినా పని జరుగుతుంది.

ఆ పిన్ను దూర్చే చిన్న రంధ్రానికి ఇంకో ఉపయోగం ఉంది, సెట్టుతో వచ్చిన కాగితంలో దాని ఊసే లేదు. సన్నటి నున్నటి కుట్టుదారం అందులోంచి దూర్చి ఒక వరస అల్లితే, ఆ దారం తనంతట తానే కుట్లన్నిటిలోంచీ వెళ్లిపోతుంది. అదే లైఫ్‌లైన్. తర్వాత ఏదైనా తేడా వచ్చి విప్పాల్సివస్తే ఆ దారం దాకా విప్పి ఆగొచ్చు, అక్కడ కుట్లు జారకుండా నిలబడి ఉంటాయి. సగం నిద్రలో అల్లేవాళ్లకి ఇది నిజంగా వరం. డిజైను ఉన్న ప్రతిదానికీ నేను వేస్తాను, సాదా మఫ్లర్‌కి వెయ్యను.

కేబుళ్లు కొత్తలో చుట్టలు చుట్టుకుని విసిగిస్తాయి. వేడినీళ్లలో కాసేపు ముంచి చేత్తో సాగదీస్తే దారికొస్తాయి. చాలా కేబుళ్ల మీద రాసే 60, 80, 100 సెంటీమీటర్లు కొనలతో కలిపి వచ్చే పొడవు, కేబుల్ ఒక్కదానిదే కాదు. అది చూసుకోకుండా విడిగా తెప్పించుకుంటే పొట్టిగా ఉందని గొడవ.

చెక్క కొనలా, లోహపువా? నా దగ్గర రెండూ ఉన్నాయి. లోహం మీద కుట్లు గబగబా జారతాయి, పని వేగంగా సాగుతుంది. కానీ టిక్కు టిక్కుమంటుంది, పడుకోబెట్టిన పిల్ల పక్కన కూర్చుని అల్లడానికి కుదరదు. చెక్క నిశ్శబ్దంగా ఉంటుంది, కుట్టుని కాస్త పట్టి ఉంచుతుంది. సన్నవి మాత్రం విరుగుతాయి, 4 మిల్లీమీటర్ల లోపు చెక్క కొనల మీద నాకు నమ్మకం లేదు. చిన్నదానికి పళ్లొచ్చే రోజుల్లో ఒక 4.5 కొన మీద తన ముద్ర వేసింది. చీలిన చెక్కకి దారం పట్టుకుంటుంది కాబట్టి ఆ జత మూలన పడింది.

ఇప్పుడు ఎవరికి ఏం అల్లాలన్న లెక్క. మఫ్లర్ సులువైనది కదా అని కొత్తవాళ్లంతా దానితోనే మొదలుపెడతారు. సులువే, కానీ ఎంత పనో చూడండి. డీకే అనే మధ్యరకం మందం ఊలుతో 4 మిల్లీమీటర్ల సూది మీద 10 సెంటీమీటర్లకి సుమారు 22 కుట్లు వస్తాయి. 20 సెంటీమీటర్ల వెడల్పుకి 44 కుట్లు. అన్ని వరసలూ నిట్ అనే మామూలు కుట్టుతోనే అల్లే గార్టర్‌లో 10 సెంటీమీటర్ల పొడవుకి 40 వరసల పైనే పడతాయి, మీటరున్నరకి 600. మొత్తం 26 వేల పైచిలుకు కుట్లు. పెద్దవాళ్ల టోపీ అయితే చుట్టూ 110 కుట్లు, ఎత్తుకి ఓ 60 చుట్లు, పైన కుట్లు తగ్గించుకుంటూ పోవడం ఎలాగూ ఉంది, ఆరువేల చిల్లరతో తేలిపోతుంది. నిమిషానికి 30 కుట్లు వేసే చేతికి మఫ్లర్ పధ్నాలుగు పదిహేను గంటలు, టోపీ మూడున్నర గంటలు. రోజుకి అరగంట లెక్కన అది నెల, ఇది వారం. ఒక మఫ్లర్ అల్లే సమయంలో నలుగురికి టోపీలు ఇవ్వొచ్చన్నమాట. నాకీ లెక్క తెలిశాక మఫ్లర్లు అత్తయ్యకీ అమ్మకీ మాత్రమే పరిమితమయ్యాయి. పెద్దవాళ్ల స్వెటర్ జోలికి అసలు పోవడం లేదు. పోయేవాళ్లని చూస్తే గౌరవం, కొంచెం జాలి.

అయితే మఫ్లర్‌కి ఒక గొప్ప గుణం ఉంది, గార్టర్‌లో దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాబట్టి పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు గార్టర్, నిద్రపోయాక టోపీ పైభాగం తగ్గించడం, ఇలా పని పంచుకున్నాను. వరసలు లెక్కపెట్టడానికి అంకెలు తిప్పే కౌంటరు కొనకండి, అది పిల్లలకి ఆటబొమ్మ, మీకు ప్రతిసారీ కొత్త అంకె చూపిస్తుంది. పది వరసలకొకసారి గొళ్లెంలా మూసుకునే మార్కరు ఒకటి బట్టకే తగిలిస్తే చాలు. గార్టర్‌లో పైకి కనిపించే ఒక్కో గట్టు రెండు వరసలు, వేలితో లెక్కపెట్టుకోవచ్చు.

టోపీల విషయంలో సెట్టు కొంచెం నిరాశపరిచింది. టోపీకి 40 సెంటీమీటర్ల సూది హాయిగా ఉంటుంది, కానీ 13 సెంటీమీటర్ల కొనలతో అంత చిన్న చుట్టు కుదరదు, 10 సెంటీమీటర్ల పొట్టి కొనలు విడిగా కొనుక్కోవాలి. లేదా 80 సెంటీమీటర్ల కేబుల్‌తో మ్యాజిక్ లూప్ నేర్చుకోవాలి. కుట్లని రెండు భాగాలు చేసి మధ్యలోంచి కేబుల్‌ని లూపులా బయటికి లాగి సగం సగం అల్లడమే అది. నేను అదే నేర్చుకున్నాను. మేజోళ్లకైతే ఈ సెట్టు దండగ. వాటికి 2.25, 2.5 మిల్లీమీటర్ల సూదులు కావాలి, సెట్టు 3.5 దగ్గర మొదలవుతోంది. అతుకు లేని విడి సర్క్యులర్ ఒకటి కొని ఒక జత అల్లాను, మా ఆయనకి. ఆయన వాటిని అపురూపంగా దాచుకున్నారు. తొడుక్కోరు, అది వేరే సంగతి.

ఊలు ఎంచేటప్పుడు నేను రంగు కంటే ముందు చూసేది తీసుకునే మనిషి ఇంట్లో బట్టలెలా ఉతుకుతారన్నది. గొర్రె ఊలు పోగు మీద పొలుసులుంటాయి. వేడినీళ్లలో, మెషీన్‌లో పడి రాసుకుంటే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బట్ట గట్టిపడి కుంచించుకుపోతుంది, ఇక వెనక్కి రాదు. మా తమ్ముడికిచ్చిన టోపీ వాళ్ల మెషీన్‌లో ఒక్కసారి తిరిగొచ్చాక వాడి కూతురి బొమ్మకి సరిపోయింది. వాడు ఫోన్ చేసి "అక్కా, నువ్విచ్చిన టోపీ ఎంత నచ్చిందో బొమ్మకి" అన్నాడు. అప్పట్నుంచి వాడికి సూపర్‌వాష్ ఊలే. ఆ పొలుసుల్ని రసాయనంతో అణిచి, పోగుకి పాలిమర్ పూత పూస్తారు కాబట్టి మెషీన్‌కి తట్టుకుంటుంది. తడిస్తే మాత్రం సాగుతుంది, వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. పసిపిల్లల తల్లులకి ఇచ్చేవాటికి సూపర్‌వాషో, అక్రిలిక్ అనే కృత్రిమ దారమో వాడతాను. వాళ్లకి చేత్తో ఉతికే ఓపిక ఉండదని మనకి తెలియనిదా! అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టొద్దని చెప్పడం మర్చిపోకూడదు, వేడికి అది బిగువు పోయి వేలాడిపోతుంది. వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డల్లాంటివి అక్రిలిక్‌తో అల్లనే అల్లకూడదు, కరుగుతుంది. వాటికి నూలుదారమే.

పసిపిల్లల టోపీ కొంచెం పెద్దదే అల్లండి. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు, ఏడాదికి 45, 46 దాకా వస్తుంది. అప్పుడే పుట్టిన సైజులో అల్లితే మీరు ముడి వేసి ఇచ్చేలోగా పొట్టిదైపోతుంది. అంచు రిబ్‌లో, అంటే నిలువు గట్లు గట్లుగా వచ్చే సాగే అల్లికలో ఉంటే సాగి చాలాకాలం పడుతుంది. రిబ్బన్లు, పొడవాటి తాళ్లు, ఊడొచ్చే బొత్తాలు వద్దు. పెద్ద పెద్ద రంధ్రాల లేసు డిజైను ఫోటోలో బాగుంటుంది, అందులో బుల్లి వేళ్లు ఇరుక్కుంటాయి. దుప్పటి ఇస్తే నేను నోటితో కూడా చెప్తాను, ఇది ఒళ్లో వేసుకోవడానికీ కింద పరుచుకోవడానికీ అని. ఏడాదిలోపు పిల్లలు పడుకున్నప్పుడు పక్కలో వదులు దుప్పట్లు ఉండకూడదు.

ఇచ్చేటప్పుడు ఏ ఊలు, ఎలా ఉతకాలి అన్నది చిన్న కాగితం మీద రాసి, అదే ఊలు రెండు మూడు మీటర్లు చుట్టి జతచేస్తాను. ఎక్కడైనా చిరిగితే బాగుచేయడానికి పనికొస్తుంది. ఒకసారి ఇచ్చినది వాడారా లేదా అని అడగను. కానీ చూస్తాను. చెల్లెలు వరసయ్యే ఒకావిడ టోపీ మాసిపోయేదాకా పెట్టుకుంది, రంగు వెలిసింది, ఆవిడకి రెండోది అల్లుతున్నాను. బీరువాలో మడతపెట్టినవాళ్లకి తర్వాత కొన్న బహుమతే వెళ్తుంది. ఇందులో కోపమేం లేదు, అరగంటల లెక్క.

మొత్తం సెట్టు కొనాలా అంటే, మొదటే అవసరం లేదు. 4, 5, 6 మిల్లీమీటర్ల కొనలు ఒక్కో జత, 80, 100 కేబుళ్లు ఒక్కోటి విడిగా తీసుకోండి, పై బహుమతుల్లో మేజోళ్లు తప్ప అన్నీ వాటితో వచ్చేస్తాయి. నా పెట్టెలో 7, 8 మిల్లీమీటర్లవి ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. మూతలు మాత్రం అదనంగా తెప్పించుకోండి, సెట్టుతో వచ్చేవి ఎన్ని ఉన్నా సోఫా కిందకే చేరతాయి.