2048 గేమ్‌ని మార్చుకోవడానికి ‘రెడీ సెటప్’ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా అమ్మాయికి అచ్చులు నేర్పుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఒకే అంకె ఉన్న రెండు బిళ్లల్ని కలిపితే రెట్టింపు అంకె బిళ్ల వచ్చే 2048 గేమ్‌లో, అంకెల బదులు అక్షరాలు పెడితే? 2 నుంచి 2048 దాకా 11 బిళ్లలు. రెండు ‘అ’లు కలిస్తే ‘ఆ’, రెండు ‘ఆ’లు కలిస్తే ‘ఇ’. అలా ‘ఒ’ దాకా వస్తే గెలిచినట్టు.

నా కోడింగ్ అంతంతమాత్రం. ఆన్‌లైన్‌లో ఒకతను గేమ్ సోర్స్ కోడ్, దాన్ని మార్చే ఎడిటర్, సర్వర్ అన్నీ కలిపి 1,499 రూపాయలే అంటే యూపీఐలో కొట్టేశాను. ఒక జిప్ ఫైల్ పంపాడు. సెటప్ రన్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమన్నాడు. ‘డెవలపర్ టూల్స్‌ని అది వైరస్ అనుకుంటుంది సార్, మామూలే’ అన్నాడు. బుద్ధి గడ్డి తిని ఆపాను.

మర్నాటి నుంచి క్రోమ్‌లో ఏది వెతికినా ఇంకేదో సైటుకి పోతోంది. మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ (మీ సంస్థ అదుపులో ఉంది) అని ఒక లైను. ఇంట్లో వాడే లాప్‌టాప్‌కి ఆర్గనైజేషన్ ఎక్కడిది? ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) పేజీ తెరిస్తే నేను పెట్టనిది ఒకటి తిష్ట వేసుకుని ఉంది. దాన్ని తీసేద్దామంటే రిమూవ్ బటనే లేదు. మీ సొంత కంప్యూటర్లో ఈ రెండూ కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. డబ్బులు వెనక్కి అడిగితే నన్ను బ్లాక్ చేశాడు. ఫోటోలు పక్కన పెట్టుకుని విండోస్ మళ్లీ వేయించాను, ఫోన్ నుంచి పాస్‌వర్డులన్నీ మార్చాను, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. రెండు రోజులు ఒకటే టెన్షన్.

అసలు మంట ఎక్కడంటే, ఈ గేమ్ ఉచితం. గాబ్రియేలె చిరుల్లి 2014లో రాసి, ఎవరైనా వాడుకుని మార్చుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టేశాడు. ఆ లైసెన్స్ ప్రకారం అమ్ముకోవడం కూడా తప్పు కాదు, కాకపోతే కాపీరైట్ నోటీసు అలాగే ఉంచాలి. మా మహానుభావుడు లైసెన్స్ ఫైల్ తీసేసి తన పేరు పెట్టుకున్నాడు.

సెటప్ అంటారా, గిట్‌హబ్ నుంచి జిప్ దించి, విప్పి, అందులోని ఇండెక్స్ ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే బ్రౌజర్లో గేమ్ ఆడుతుంది. నోడ్ లాంటి అదనపు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. ఎడిటర్‌గా వీఎస్ కోడ్ ఉచితమే, నోట్‌ప్యాడ్ అయినా సరిపోతుంది. నాకు కావాల్సిన మార్పు ‘హెచ్‌టీఎమ్‌ఎల్ యాక్చుయేటర్’ ఫైల్‌లో బిళ్ల మీద అంకె రాసే లైను దగ్గర, అంతే. తెలిసిన కుర్రాడు పావుగంటలో చూపించాడు. 4x4 గడులని 5x5 చేయాలంటే మాత్రం కొంచెం పని ఉంది. స్క్రిప్టులో ఒక్క అంకె మారిస్తే బిళ్లలు బోర్డు దాటి బయటికి పోతాయి, స్టైల్ ఫైల్‌లోనూ పేజీలోనూ కూడా మార్చాలి.

అమ్మాయి ‘ఋ’ దాకా వచ్చింది. అతని ప్రకటన నిన్న మళ్లీ కనిపించింది, ఇంకో నంబరుతో. ఈసారి రేటు 999.