‘ఆఫ్’ దగ్గర బ్రాకెట్: ఉద్యోగంలో చేరాక కూడా వదలని పద్ధతిపై సమీక్ష

ఎస్సెస్సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్), బ్యాంకు ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకున్నవాళ్ళకి ఇంగ్లిష్ గ్రామర్‌లో ఈ కిటుకు తెలిసే ఉంటుంది. వాక్యంలో సబ్జెక్ట్ (కర్త) పొడుగ్గా కనిపిస్తే ‘ఆఫ్’ నుంచి వర్బ్ ముందు దాకా బ్రాకెట్ పెట్టి, బయట మిగిలిన మాటతో వర్బ్ పొసుగుతుందో లేదో చూడాలి. ‘ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ వర్ పూర్’. బ్రాకెట్ పెడితే మిగిలేది క్వాలిటీ, అంటే ‘వాజ్’ రావాలి. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్‌లో ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నలు) కోసం నేర్చుకున్నది, ఇప్పుడు ఆఫీసులో ఉత్తరాలు, టెండర్ నోటీసులు దిద్దడానికి వాడుతున్నాను.

మనవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ‘నిన్న లారీల్లో వచ్చిన మామిడిపళ్ళ నాణ్యత బాగాలేదు’ అన్నామనుకోండి, వాక్యం ఎంత సాగినా నాణ్యత క్రియ పక్కనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో క్వాలిటీ ముందే వచ్చి వెళ్ళిపోతుంది, వర్బ్‌ని ఆనుకుని మ్యాంగోస్ ఉంటాయి. చెవి వాటికే ఓటేస్తుంది. ఇంగ్లిష్ సొంతభాష అయినవాళ్ళూ ఇక్కడ జారుతుంటారు, అది వేరే సంగతి.

‘అలాంగ్ విత్’, ‘యాజ్ వెల్ యాజ్’ తగిలినప్పుడు కూడా ఇదే మందు. ‘ద మేనేజర్, అలాంగ్ విత్ టూ క్లర్క్స్, హ్యాజ్ సైన్డ్’. సంతకాలు ముగ్గురివైనా వర్బ్ మేనేజర్‌దే.

చిక్కల్లా కళ్ళు మూసుకుని బ్రాకెట్ పెట్టినప్పుడే. ‘ద నంబర్ ఆఫ్ కేండిడేట్స్ హ్యాజ్’ సరే. కానీ ‘ఎ నంబర్ ఆఫ్ కేండిడేట్స్’ అంటే చాలామంది అని, అక్కడ ‘హ్యావ్’ రావాలి. ‘మోస్ట్ ఆఫ్’, ‘హాఫ్ ఆఫ్’ ఉంటే బ్రాకెట్‌లో పడేసిన మాటే నిర్ణయిస్తుంది: ‘మోస్ట్ ఆఫ్ ద వర్క్ ఈజ్’, ‘మోస్ట్ ఆఫ్ ద ఫైల్స్ ఆర్’. ఇంకా తిప్పలు పెట్టేది ‘హీ ఈజ్ వన్ ఆఫ్ ద క్లర్క్స్ హూ హ్యావ్ సైన్డ్’ లాంటిది. ఈ ‘హూ’ పట్టుకున్నది క్లర్కులని. బ్రాకెట్ పెట్టేస్తే ‘వన్’ ఒక్కటే కనబడి ‘హ్యాజ్’ టిక్ చేసేస్తాం.

‘నైదర్... నార్’ దగ్గర పద్ధతికి అసలు పనే లేదు, వర్బ్‌కి దగ్గరగా ఉన్నదాన్ని చూస్తే చాలు. ఆఫీసు ఉత్తరాల్లో నాకు ఎక్కువగా దొరికే తప్పు ‘ఎన్‌క్లోజ్డ్ ఈజ్ ద కాపీస్’. సబ్జెక్ట్ వర్బ్ తర్వాత ఉంది, బ్రాకెట్ పెట్టడానికి ముందు ఏమీ లేదు. వాక్యాన్ని తిరగేసి చదివితే ‘ఆర్’ అని తెలిసిపోతుంది. తప్పుల కింద కంప్యూటర్ గీసే గీతని నమ్ముకుని కూర్చోకుండా నేను చేసేది ఇదే.

5కి మూడున్నర ఇస్తాను. సీజీఎల్ (ఎస్సెస్సీ పెట్టే డిగ్రీ స్థాయి ఉద్యోగ పరీక్ష) టైర్-1, అంటే మొదటి దశలో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కో తప్పుకి అర మార్కు కోత. రాసేవాళ్ళు బ్రాకెట్ పెట్టే ముందు ‘నంబర్’ పక్కన ‘ఎ’ ఉందో ‘ద’ ఉందో ఒకసారి చూసుకోండి.